చెప్పులు విప్పేలోగా ప్లేటు

మా అత్తయ్యది ఒకటే లెక్క. ఇంటికొచ్చినవాళ్లు చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని కూర్చునేలోగా వాళ్ల ముందు ఏదో ఒకటి పడాలి. ఆ తర్వాత భోజనం గంట లేటైనా ఎవరూ ఏమీ అనుకోరు. ఇంకో షరతు కూడా ఉంది. ఆ పెట్టేది అప్పటికప్పుడు పొయ్యి దగ్గర నిలబడి చేసేది కాకూడదు. "వాళ్లొచ్చేది మన మొహం చూడటానికే గానీ వీపు చూడటానికా?" అంటుంది.

నాది ఇచ్ఛాపురం, మెట్టింది ఒడిశాలోని బరంపురం. మధ్యలో రాష్ట్రం మారుతుంది గానీ వంటిల్లు పెద్దగా మారదు. మారేదల్లా అతిథుల లెక్క. ఇక్కడ రెండేళ్లకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారు గుడి వదిలి దేశిబెహెరా వీధిలోని పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టింటివాళ్లు మన తెలుగు నేతవాళ్లే. అమ్మవారే పుట్టింటికొచ్చాక మన ఆడపడుచులు ఊరుకుంటారా? 2025లో జరిగిన యాత్రకి విశాఖ నుంచి, రాయగడ నుంచి, పర్లాకిమిడి నుంచి ఎవరెప్పుడు దిగుతారో తెలిసేది కాదు. రాత్రి ఘటాల ఊరేగింపు చూసి, వేషాలు చూసి, తొమ్మిదింటికి తలుపు తట్టేవాళ్లు. అప్పుడు నన్ను ఆదుకున్నవి మూడే మూడు.

మొదటిది బడిచూరా. ఇది ఒడియా వాళ్ల వంట, మా పక్కింటి మావుసీ, అంటే పిన్ని, దగ్గర నేర్చుకున్నాను. బడి అంటే మన మినప వడియమే. మేడ మీద ఎండబెట్టి డబ్బాకెత్తిన బూడిదగుమ్మడికాయ వడియాలతో ఇంకా బాగుంటుంది. రెండు చెంచాల నూనెలో, సన్న సెగ మీద, ఓపిగ్గా కలుపుతూ వేయించాలి. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉండి పళ్లకి అంటుకుంటుంది. ఒకటి తీసి వేళ్లతో నొక్కితే ఠక్కున విరగాలి, లోపల కూడా గోధుమరంగు రావాలి. అప్పుడు దించి పూర్తిగా చల్లారనిచ్చి డబ్బాలో పెట్టేయొచ్చు. ఇంతవరకు పొద్దున్నే అయిపోతుంది.

మనుషులు రాగానే రోట్లో రెండు వెల్లుల్లి రెబ్బలు, రెండు పచ్చిమిరపకాయలు, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా దంచి, వడియాలు వేసి నాలుగు దెబ్బలు వేయాలి. పొడి అయిపోకూడదు, పెసరగింజంత పలుకులు తగలాలి. సన్నగా తరిగిన ఉల్లిపాయ, పైన ఒక చెంచా పచ్చి ఆవనూనె వేసి చేత్తో కలిపితే అయిపోయింది. కలిపాక పది నిమిషాలు ఆగితే ఉల్లిపాయ నీరు పీల్చి మెత్తబడుతుంది కాబట్టి ఇది మాత్రం అప్పుడే కలపాలి. ఆవనూనె దగ్గర కాస్త రాజకీయం ఉంది. అది లేకపోతే మావుసీ ముట్టదు. దాని ఘాటుకి మా అమ్మ ముక్కు మూసుకుంటుంది. అందుకని రెండు గిన్నెల్లో కలుపుతాను, ఒకదాంట్లో వేరుశనగ నూనె. నిజం చెప్పాలంటే నాకు ఆవనూనెదే ఇష్టం, పుట్టింట్లో మాత్రం ఈ మాట అనను.

రెండోది ఘుగ్ని. పావుకిలో ఎండు బఠాణీలు రాత్రే నానబోసి, పొద్దున ఉప్పు, పసుపు, ఒక బంగాళాదుంప వేసి కుక్కర్లో ఉడికించుకోవాలి. అల్లం వెల్లుల్లి, ఉల్లి, టమాటా వేయించి అందులో కలిపి కాసేపు మరిగిస్తే సరి. అసలు రుచి మాత్రం చివర్లో చల్లే పొడిది. జీలకర్ర, ఎండుమిరపకాయలు నూనె లేకుండా వేయించి దంచిన పొడి అది. దాని వాసన వీధి చివరిదాకా వెళ్తుంది. గిన్నెలో గుప్పెడు మరమరాలు, పైన గరిటెడు ఘుగ్ని, నిమ్మచెక్క. పిల్లలకీ నచ్చుతుంది, ముసలివాళ్లకీ నమలడం సులువు.

మూడోది మన పునుగులే. పుల్లబడిన అట్లపిండిలో కాస్త బియ్యప్పిండి, ఉల్లి, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి వేసేవి. చిట్కా ఏమిటంటే తెల్లగా ఉండగానే సగం వేపు మీద తీసేసి పక్కన పెట్టుకోవాలి. అతిథులు వచ్చాక బాగా కాగిన నూనెలో మరోసారి వేస్తే రెండు నిమిషాల్లో ఎర్రగా, కరకరలాడుతూ వస్తాయి. మసాలావడకీ ఇదే పద్ధతి. చట్నీ అల్లందైతే మంచిది, ముందురోజు చేసినా పాడవదు.

ప్లేట్ల విషయంలో కూడా అత్తయ్య మాటే నెగ్గుతుంది. చిన్న స్టీలు ప్లేట్లే వాడాలంటుంది. మనవాళ్లు రాగానే "ఏమీ వద్దమ్మా, ఇప్పుడే తిని వచ్చాం" అంటారు కదా. పెద్ద ప్లేటు నిండా పెడితే ఆ మాటకి కట్టుబడిపోయి సగం వదిలేస్తారు. చిన్నదాంట్లో నాలుగు పునుగులు పెడితే మొహమాటానికి తింటారు, మారు వడ్డిస్తే కాదనరు. బాదుషాలూ కాజాలూ ముందు పెట్టడం మా ఇంట్లో లేదు. తీపి నోట పడ్డాక కారం రుచించదు, భోజనం అంతకన్నా రుచించదు. టీ కూడా ప్లేట్లు తీశాకే.

పిలిచేముందు అడిగి తీరాల్సినది ఒకటుంది. ఒడియా స్నేహితుల ఇళ్లలో చాలామంది సోమవారం, గురువారం నీచు ముట్టరు. కార్తీకమాసమంతా మానేసేవాళ్లున్నారు, అందులోనూ పౌర్ణమికి ముగిసే ఆఖరి అయిదు రోజులు, పంచుక, మరీ నిష్ఠగా ఉంటారు. ఆ రోజుల్లో కొంగ కూడా చేప ముట్టదని సామెత. కొందరికి ఉల్లి, వెల్లుల్లి కూడా పనికిరావు. అలాంటప్పుడు ఘుగ్నిలో అల్లం, ఇంగువ, కొబ్బరిముక్కలతో సరిపెడతాను. బడిచూరా ఆ పూటకి బంద్, దాని బదులు కాల్చిన అప్పడాలు. బరంపురం అప్పడాలకి వంక పెట్టేవాళ్లని ఇంతవరకు చూడలేదు.

మిగతా రోజుల్లో చిల్క రొయ్యలు తాజాగా దొరికితే ఉప్పు, పసుపు, కారం పట్టించి, తడంతా ఇగిరేదాకా ఇనప మూకుట్లో వేపి కరివేపాకు వేస్తాను. అవి ఉన్న పూట చిన్న ప్లేట్లు ఏం సరిపోతాయి? మా మరిది మూకుడే తెచ్చి ముందు పెట్టుకుంటాడు.