కైసరయలో గంటసేపు

యెరూషలేము యాత్రకి వెళ్లే బస్సులు ఇశ్రాయేలు సముద్రతీరంలోని కైసరయ దగ్గర ఎక్కువసేపు ఆగవు. మాకు గంట ఇచ్చారు. అందులో పది నిమిషాలు బాత్రూముల దగ్గర క్యూలోనే పోయాయి.

హేరోదు కట్టించిన థియేటరు, పక్కన సముద్రం. యేసుకి సిలువ శిక్ష వేసిన పిలాతు పేరున్న రాయి 1961లో ఇక్కడ దొరికింది, దానికి నకలు పెట్టారు. అసలు రాయి యెరూషలేము మ్యూజియంలో ఉంది. నకలైనా సరే, దాని పక్కన ఫొటో దిగనివాళ్లు లేరు. పౌలు రెండేళ్లు ఖైదులో ఉన్నది ఈ ఊళ్లోనే, కొర్నేలీ బాప్తిస్మం పొందిందీ ఇక్కడే. గైడు చెప్పాడు, అయ్యగారు ప్రార్థన చేశారు, ఒక కీర్తన పాడాం.

నేను వచ్చింది మాత్రం బైబిల్లో లేని మనిషి కోసం, సంఘ చరిత్ర రాసిన యూసేబియస్ కోసం.

మా నాన్న పాస్టరు. బైబిల్ కాలేజీలో ఆయన రాసుకున్న సంఘ చరిత్ర నోట్సు ఇప్పుడు నా దగ్గరుంది. రెండు పేజీలకోసారి 'యూసేబియస్ ప్రకారం' అని ఉంటుంది. పేతురు చెప్పిన సంగతులే మార్కు రాశాడన్న మాట పాపియాస్ అనే తొలినాటి బిషప్‌ది. పాపియాస్ పుస్తకాలు పోయాయి, ఆ మాట మాత్రం యూసేబియస్ ఎత్తి రాసుకోబట్టి మిగిలింది. అలా మిగిలిన వాక్యాలు బోలెడు. పాపియాస్‌కి బుర్ర తక్కువని కూడా అదే పుస్తకంలో రాశాడు, అది వేరే సంగతి!

యూసేబియస్ సుమారు 260లో పుట్టాడు, ఈ ఊరికే బిషప్ అయ్యాడు, 339 ప్రాంతంలో పోయాడు. గ్రీకులో పది భాగాల సంఘ చరిత్ర రాశాడు. అంత రాయడానికి సరుకు చాలావరకు ఇక్కడి గ్రంథాలయంలోనే దొరికింది. ఒరిజెన్ అనే మహాపండితుడు అలెగ్జాండ్రియా వదిలి ఇక్కడ స్థిరపడ్డాడు. తర్వాత పాంఫిలస్ అనే ఆయన ఒరిజెన్ రాతలు చాలావరకు పోగేసి, దగ్గర కూర్చుని నకళ్లు దిద్దాడు. యూసేబియస్ ఆ పాంఫిలస్ శిష్యుడు. క్రైస్తవుడైనందుకు 310లో రోమా ప్రభుత్వం గురువుని చంపేశాక తన పేరుకి ఆయన పేరు జోడించుకున్నాడు. మనం 'ఫలానా వారి అబ్బాయి' అంటామే, అలా పాంఫిలస్ గారి యూసేబియస్.

గ్రంథాలయం ఇక్కడ ఉండేదని చూపించే బోర్డు కోసం శిథిలాలన్నీ తిరిగాను. నాకైతే కనబడలేదు. కనబడింది ఒక మొజాయిక్ నేల. చిన్న చిన్న రాళ్లతో గ్రీకు అక్షరాలు. రోమా పత్రిక 13వ అధ్యాయంలోని మాట, అధికారికి భయపడకుండా ఉండాలంటే మంచి చెయ్యి అని. యూసేబియస్ తర్వాతి కాలంలో పన్నుల కచేరీలో వేయించారట. పన్ను కట్టడానికి వచ్చినవాడి కాళ్ల కింద ఆ వచనం! ఎవరి ఆలోచనో గానీ గడుసువాడు.

చివరికి రేవు దగ్గర కూర్చున్నాను. హేరోదు ఇటలీ నుంచి అగ్నిపర్వతపు బూడిద తెప్పించి, నీళ్లలో గట్టిపడే కాంక్రీటుతో కట్టించిన గోడలు ఇప్పుడు చాలావరకు అలల కిందే ఉన్నాయి. 306లో అప్ఫియానస్ అనే కుర్రాడిని పడేసింది ఈ సముద్రంలోనే. ఇరవై ఏళ్లు నిండలేదు, యూసేబియస్ ఉన్న ఇంట్లోనే ఉండేవాడు. దేవతలకి బలి అర్పిస్తున్న రోమా గవర్నరు చెయ్యి పట్టుకుని ఆపాడు. చిత్రహింసలు పెట్టి సముద్రంలో ముంచారు. వెంటనే భూమి కంపించిందనీ, సముద్రమే శవాన్ని ఊరి గుమ్మం ముందు తెచ్చి పెట్టిందనీ యూసేబియస్ రాశాడు. అలల్ని చూస్తూ ఉంటే ఆ మాట అతిశయోక్తి అనిపించలేదు. ఒకే ఇంట్లో తిరిగిన పిల్లవాడి గురించి రాస్తున్నాడు.

అదే మనిషి క్రైస్తవుల్ని ఆదరించిన రోమా చక్రవర్తి కాన్‌స్టాంటైన్ గురించి రాసేసరికి పూర్తిగా భజనలోకి దిగిపోతాడు. ఆ చక్రవర్తి కొత్త రాజధానిలోని సంఘాల కోసం 50 లేఖన ప్రతులు రాయించి పంపమని ఆయనకి ఉత్తరం రాశాడు. మంచి తోలు కాగితం, చదవడానికి వీలైన అక్షరాలు, మోయడానికి రెండు ప్రభుత్వ బండ్లు. తమని చంపించిన రాజ్యమే బండ్లు పంపుతుంటే పొగడకుండా ఎలా ఉంటాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, పూర్తిగా సర్దుకోలేదు. 325లో బిషప్పులంతా కూడిన నైసియా సభలో కూడా విశ్వాస ప్రమాణం మీద తటపటాయించి సంతకం పెట్టి, ఎందుకు పెట్టానో వివరిస్తూ తన సంఘానికి ఉత్తరం రాసుకున్నాడు.

బస్సెక్కాక పక్క సీటు అక్క అడిగింది, "ఎక్కడికి పోయావు తమ్ముడూ? అయ్యగారు నీకోసం రెండుసార్లు లెక్కపెట్టారు." చెప్పాను.

"మరి మన తోమా గురించి ఏం రాశాడు?"

"అపొస్తలులు లోకాన్ని పంచుకుంటే తోమాకి పార్తియా, అంటే ఇరాన్ వైపు, వచ్చిందని రాశాడక్కా. ఇండియాకి వెళ్లింది ఇంకో అపొస్తలుడు బర్తొలొమయి అట. తర్వాత పాంటేనస్ అనే పండితుడు ఇండియా వెళ్తే, అక్కడ బర్తొలొమయి ఇచ్చిన మత్తయి సువార్త హెబ్రీ అక్షరాల్లో కనబడిందట."

"మరి మద్రాసులో తోమా కొండో?" అంది, నేనే ఎత్తుకుపోయినట్టు చూస్తూ.

"దాని ఊసే లేదు. ఇండియా అని ఆయన ఏ దేశాన్ని అన్నాడో అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఆయన కూడా 'అంటారు' అనే రాశాడు, తను చూసినట్టు కాదు."

"చూడనివాడు రాయడమెందుకు?" అని అక్క సంచిలోంచి జంతికల డబ్బా తీసింది.