ఆవగింజంత

“బాపమ్మ కూడా ఇదే మాట అంది కదా డాడీ! అప్పుడు ఆమె మీద ఎందుకు అరిచావు?”

ఫ్లూ టీకా వేయించబోతే మా అమ్మాయి చెయ్యి ఇవ్వలేదు. టీకాకు వాడే వైరస్‌ను కోడిగుడ్లలో పెంచుతారని ఎక్కడో చదివింది. దానికి గుడ్డు పడదు. “ఆవగింజంత కూడా ఉండదు తల్లీ” అన్నాను. దానికి వచ్చిన జవాబు అది.

అరిచిన మాట నిజమే. పోయిన ఎండాకాలం హనుమకొండలో మా అమ్మ గుడ్ల పులుసు కలిపిన గరిటెనే పప్పులో పెట్టింది. గిన్నెడు పప్పు పారబోయించాను. “ఆవగింజంతకే ఏమవుతుంది బిడ్డా” అన్న పాపానికి ఆమెకు పెద్ద ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆమె పెరటి కోళ్ల గుడ్లు తిని పెరిగిన వాడిని నేనే.

ఈసారి ఉపన్యాసం నర్సుది. గుడ్లలో చేసే ఫ్లూ టీకాలో మిగిలే గుడ్డు ప్రోటీన్ సాధారణంగా డోసుకు ఒక మైక్రోగ్రాము, అంటే గ్రాములో పది లక్షల వంతు కూడా ఉండదట. గుడ్డు పడని పిల్లలకు ఈ టీకా విషయంలో ప్రత్యేక జాగ్రత్తలేవీ అక్కర్లేదని అమెరికాలో 2023 నుంచి చెబుతున్నారు. అసలు గుడ్డే వాడని రకాలూ ఉన్నాయి. తట్టు, గవదబిళ్లల టీకాతో అలర్జీ వస్తే ముందు అనుమానించేది గుడ్డును కాదు, అందులో కలిపే జెలటిన్ అనే పదార్థాన్ని. ఎల్లో ఫీవర్ టీకా సంగతి వేరు, దానికి ముందు గుడ్డు విషయం చెప్పి తీరాలి. టీకాలన్నీ కలిపి చూస్తే ప్రాణం మీదకు వచ్చే అలర్జీ సుమారు పది లక్షల డోసులకు ఒకటి. అలా వస్తే తొడకు వేయడానికి అడ్రినలిన్ ఇంజెక్షన్ దగ్గరే ఉంచుకుంటారు.

అమ్మాయి ఒప్పుకుంది. తర్వాత పావుగంట అక్కడే కూర్చోమన్నారు. అది పుస్తకం చదువుకుంటోంది. నేను దాని మెడ మీద దద్దుర్లు లేస్తున్నాయేమోనని చూస్తున్నాను. తల ఎత్తకుండానే, “ఏమీ కాదన్నావు కదా, మరి ఎందుకు అలా చూస్తున్నావు?” అంది.

ఏమీ కాలేదు. రాత్రి అమ్మకు ఫోనులో చెబితే, “సూదిలో గుడ్డుంటే పరవాలేదు, నా పప్పు మాత్రం పారబోయాలా?” అంది. గరిటెకు అంటేది మైక్రోగ్రాముల లెక్క కాదని, అంతకు ఎన్నో రెట్లని చెప్పబోయాను. “ఆ ముక్క అప్పుడే చెబితే గరిటె మార్చేదాన్ని కదరా” అంది.

వచ్చే ఎండాకాలానికి టికెట్లు తీసుకున్నాం. పప్పుకు వేరే గరిటె పెట్టిందో లేదో బాపమ్మను ముందే అడుగుతానంటోంది అమ్మాయి. ఎవరి ఇంట్లోనైనా అడిగి తినమని నేర్పింది నేనే. బాపమ్మను మాత్రం అడగవద్దని చెప్పాలా? చెబితే, ఎందుకని అడుగుతుంది.