ముక్కు కారుతుంది, బస్సు నడుస్తుంది, సినిమా ఆడుతుంది

పై మూడింటికీ ఇంగ్లీషులో క్రియ ఒక్కటే: రన్. తెలుగులో మూడు కావాలి. అనువాదాలు చేసేవాళ్ళకు, సబ్‌టైటిళ్ళు రాసేవాళ్ళకు, పిల్లలకు ఇంగ్లీషు చెప్పే టీచర్లకు ఇది రోజూ ఎదురయ్యే మాట. దీన్ని ఎలా పట్టుకోవాలో కాస్త వివరంగా చూద్దాం.

ముందు నిఘంటువు లెక్క. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ 1884 నుంచి విడతలుగా వెలువడి 1928లో పూర్తయింది. 1989లో రెండో కూర్పు 20 సంపుటాలుగా వచ్చింది. అందులో అన్నిటికంటే పెద్ద పద్దు సెట్ అనే క్రియది: 430 పైచిలుకు అర్థాలు, సుమారు 60,000 మాటల వివరణ. మూడో కూర్పు కోసం పాత పద్దులను తిరగరాస్తుంటే రన్ దాన్ని దాటిపోయింది. పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడు తొమ్మిది నెలలు ఆ ఒక్క క్రియ మీదే పనిచేస్తే 645 అర్థాలు తేలాయని 2011లో లోకానికి తెలిసింది.

ఆ అంకె చూసి బెదరనక్కర్లేదు. అంత పెద్ద నిఘంటువు అర్థం కొంచెం పక్కకు జరిగినా, కర్త మారినా, వెనక చిన్న మాట చేరినా వేరే అర్థంగా లెక్కవేస్తుంది. నీళ్ళు, రైళ్ళు, గడియారాలు, మిల్లులు, కంప్యూటర్ ప్రోగ్రాంలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి ఆ మాట మీదే ఎక్కి కూర్చున్నాయి. కానీ అన్నిటి అడుగునా ఉన్న ఊహ ఒకటే: ఆగకుండా ఒక దారి వెంట సాగిపోవడం.

ఈ ఊహ మనకు కొత్తదేమీ కాదు. పారు అనే మాట చూడండి. ఏరు పారుతుంది, కాలువ పారుతుంది, దొంగ పారిపోతాడు, పాచిక పారుతుంది, చూపు పారినంత మేర పొలాలే కనిపిస్తాయి. ప్రవాహమూ పరుగూ ఒకే మాటలో ఉన్నాయి. పాత ఇంగ్లీషులోని రిన్నన్ కూడా అంతే, పరుగెత్తడానికీ ప్రవహించడానికీ అదే. అందుకని కుళాయి నీళ్ళు ‘రన్’ అవుతున్నాయంటే అదేదో అలంకారం అనుకోకూడదు, ఆ మాటకు మొదటి నుంచీ ఉన్న అర్థమే అది.

అసలు చిక్కు మరోచోట ఉంది. పాత ఇంగ్లీషులో రిన్నన్ అంటే తాను పరుగెత్తడం. ఆర్నన్ అని ఇంకో క్రియ ఉండేది, పరుగెత్తించడానికి, గుర్రాన్ని తోలడానికి. కాలక్రమంలో రెండూ కలిసిపోయి ఒకే రన్ మిగిలింది. హోటల్ రన్స్ అన్నా, హీ రన్స్ ఎ హోటల్ అన్నా క్రియ మారదు. తెలుగు ఆ జంటను చెక్కుచెదరకుండా ఉంచుకుంది. హోటల్ నడుస్తోంది, అతను హోటల్ నడుపుతున్నాడు. బస్సులు తిరుగుతున్నాయి, ఆర్టీసీ బస్సులు తిప్పుతోంది. బోరు మోటారు ఆడుతోంది, రైతు మోటారు ఆడిస్తున్నాడు. నీరు పారుతుంది, నీరు పారిస్తారు. కాబట్టి వాక్యం చేతికి రాగానే మొదట చూడాల్సింది క్రియకు కర్మ ఉందా లేదా అన్నదే. ‘బస్సు ఉదయం ఆరింటికి నడుపుతుంది’ లాంటి వాక్యాలు ఇది చూడకపోవడం వల్లే పుడతాయి.

రెండోది, పక్కనున్న నామవాచకం. తెలుగు క్రియను ఎంచేది అదే. ముక్కు అయితే కారుతుంది. ఉతుకులో చీర రంగు దిగుతుంది, పక్క బట్టకు అంటుతుంది. రోడ్డు కాలువ గట్టు వెంబడి పోతుంది. షుగరు జబ్బు వాళ్ళ వంశంలోనే ఉంటుంది. సినిమా వంద రోజులు ఆడుతుంది. మనిషికి జ్వరం కాస్తుంది. ‘అతను జ్వరాన్ని నడుపుతున్నాడు’ అని యంత్రం రాసినా మనిషి రాసినా తప్పు ఒక్కటే: రన్‌కు ఒక తెలుగు మాటను ముందే ఖాయం చేసుకుని దానికి మిగతా వాక్యాన్ని తగిలించడం. రైలు ఆలస్యంగా నడుస్తుంది. మనిషి ‘ఐ యామ్ రన్నింగ్ లేట్’ అంటే మాత్రం నడకా లేదు, పరుగూ లేదు, ‘నాకు ఆలస్యమవుతుంది’ అంతే.

మూడోది, క్రియ వెనక వచ్చే చిన్న మాట. రన్ ఇంటూ అంటే మనిషైతే ఎదురుపడటం, కారూ చెట్టూ అయితే గుద్దుకోవడం, ఖర్చయితే లక్షల్లోకి వెళ్ళడం. రన్ ఓవర్ అంటే తొట్టి నీళ్ళు పొర్లడం, మీటింగు టైము దాటిపోవడం, లారీ మనిషి మీద నుంచి వెళ్ళడం. ఈ చివరి దానికి తెలుగు పత్రికలు తరచూ కర్తను మార్చేస్తాయి: ‘లారీ కింద పడి మృతి’. అది మంచి పద్ధతేనా అంటే, నా దృష్టిలో కాదు. ఇంగ్లీషు వాక్యంలో పని లారీది. తెలుగులోకి వచ్చేసరికి పడటం మనిషిదైపోతుంది. ప్రమాద వార్త అనువదించేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

రన్ అవుట్ దగ్గర కాసేపు ఆగాలి. క్రికెట్లో అయితే గొడవే లేదు, రనౌట్ అంటే రనౌటే. పెట్రోలు అయిపోతుంది. ఓపిక నశిస్తుంది. గడువు ముగుస్తుంది. వంటింట్లో మాత్రం లెక్క వేరు. బియ్యమో ఉప్పో పసుపో అడుగంటితే పెద్దవాళ్ళు ‘అయిపోయింది’ అనరు, ‘లేదు’ అసలే అనరు. ‘ఉప్పు నిండుకుంది’ అంటారు. డబ్బా ఖాళీ అయితే నిండింది అనడం! ఇంట్లో లేమి మాట నోటితో అనకూడదన్న పట్టింపు అది. తెలుగింటి కథలో అత్తగారు కోడలితో మాట్లాడే చోట ఇది పడితే వాక్యానికి ప్రాణం వస్తుంది. అదే పెట్రోలు బంకులో ‘డీజిల్ నిండుకుంది’ అని రాస్తే ట్యాంకు నిండిందనుకునే ప్రమాదం ఉంది. ఎక్కడ వాడాలో చూసుకుని వాడాలి.

ఎన్నికల మాట కూడా చెప్పాలి. అమెరికాలో అభ్యర్థి ‘రన్’ అవుతాడు, బ్రిటన్లో ‘స్టాండ్’ అవుతాడు. మనం ‘ఎన్నికల్లో నిలబడ్డాడు’ అంటాం, అంటే బ్రిటిష్ వాడుక పక్కనే ఉన్నాం. అమెరికా వార్త అనువదిస్తూ ‘అధ్యక్ష పదవికి పరుగు’ అని రాయనక్కర్లేదు. పోటీ చేస్తున్నాడు, బరిలో ఉన్నాడు, నిలబడ్డాడు, మూడూ చక్కగా ఉన్నాయి.

ఇక సెట్. దీని పుట్టుక తెలిస్తే సగం పని తేలికవుతుంది. సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం, అంతే. అలారం పెడతాం, ఉంగరంలో రాయి పొదుగుతాం, విరిగిన ఎముక సరిచేసి కట్టు కడతాం. పెరుగు తోడుకుంటుంది, పొద్దు గూకుతుంది. గిన్నెల సెట్టు అనే నామవాచకం లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, మూలం వేరు. చూడటానికి ఒకేలా ఉన్న మాటల వెనక ఇలా రెండు కుదుళ్ళు ఉండటం ఇంగ్లీషులో మామూలే.

మనం సెట్‌ను తెచ్చుకుని దానికి సొంత అర్థం కూడా ఇచ్చాం. ‘వాళ్ళిద్దరికీ సెట్ అవ్వదు’ అంటే పడదని, పొసగదని. ఈ అర్థం ఇంగ్లీషు సెట్‌కు లేదు. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు సెట్ అనే పెడితే ఎవరికీ అర్థం కాదు, ‘గెట్ అలాంగ్’ కావాలి.

ఎదురు దిశలో వెళ్ళేవాళ్ళను ఇలా ఇబ్బంది పెట్టే మాట మన దగ్గర కొట్టు. తలుపు కొడతాం, కొబ్బరికాయ కొడతాం, టైరుకు గాలి కొడతాం, గోడకు సున్నం కొడతాం, ఈత కొడతాం, సిక్సర్ కొడతాం, కాపీ కొడతాం, కన్ను కొడతాం. కూర పాడైతే వాసన కొడుతుంది, సినిమా బాగోలేకపోతే బోరు కొడుతుంది. ఇక్కడా నామవాచకమే దారి చూపిస్తుంది, ఒక్కచోట తప్ప. ‘పొద్దున్నే మందు కొట్టాడు’ అని ఉంటే పక్కనున్న నామవాచకం చాలదు. ముందు వాక్యంలో పత్తి చేను ఉందో వైన్‌షాపు ఉందో వెనక్కి వెళ్ళి చూసుకోవాలి. చేనైతే స్ప్రే, షాపైతే డ్రింక్.