23వ నంబర్ రిమోట్

పదకొండు దాటింది. ఈయన ఎప్పుడో నిద్రపోయారు. నాకే ఆ 23 కళ్ళముందు నుంచి పోవడం లేదు.

తెర మీది ప్రశ్నకి పిల్లలు కూర్చున్నచోటి నుంచే బొత్తం నొక్కి జవాబిచ్చే క్లిక్కర్లు మా కాలేజీకి వచ్చాయని మొన్న రాశానుగా. పిల్లలు రిమోట్లంటారు, మా అటెండర్ ‘బొత్తాల పెట్టె’ అంటాడు. అవి బెంచీల మీదుగా చేతులు మారి, ప్రొజెక్టర్ వెలిగి, కంప్యూటర్‌కి గుచ్చిన రిసీవర్ వాటిని గుర్తుపట్టేసరికి 50 నిమిషాల పీరియడ్‌లో 12 గోవిందా. చివర్లో మళ్ళీ లెక్కపెట్టి పెట్టెలో సర్దాలి. ఒకటి తగ్గిందో, నేనే పట్టుకుపోయినట్టు చూస్తారు.

ఇవాళ తలలు లెక్కపెడితే 49, తెర మీద జవాబులు 54. పైడితల్లి పండగ ఇంకా పదిహేను రోజులుంది, అప్పుడే బెంచీలు ఖాళీ. అయినా రానివాళ్ళు కూడా ఫిజిక్స్ నేర్చేసుకుంటున్నారు! వెనక్కి వెళ్తే ఒకడి ఒళ్ళో ఆరు రిమోట్లు, వేళ్ళు హార్మోనియం మెట్ల మీద ఆడుతున్నట్టే. “ఆళ్ళు వచ్చేస్తన్నారు మేడమ్, కోట జంక్షన్‌లో దిగీసారు” అన్నాడు. అక్కణ్ణుంచే నొక్కారన్నమాట. హాజరు పిలిచే రోజుల్లోనూ ప్రాక్సీ ఉండేది, కానీ దానికి గొంతు మార్చే కళయినా కావాలి. ఆ ఐదూ లాక్కుని మళ్ళీ మొదటి నుంచి నొక్కించాను. దండగమారి పెట్టె, రేపే తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను.

ప్రశ్న పాతదే. బంతిని నిలువుగా పైకి విసిరాం. అన్నిటికన్నా పైన, క్షణంపాటు ఆగినచోట, దాని త్వరణం, అంటే వేగం మారే రేటు, ఎంత? క్లాసులో చాలామంది సున్నా. ఆగింది వేగం, త్వరణం కాదు. భూమి ఆకర్షణ ఇచ్చే ఆ 9.8 త్వరణం అక్కడా కిందకి లాగుతూనే ఉంటుంది, లేకపోతే బంతి గాల్లోనే వేలాడాలిగా. సరిగ్గా నొక్కినవాళ్ళు 11. “పక్కవాళ్ళతో మాట్లాడుకుని మళ్ళీ నొక్కండి” అన్నాను. ఈసారి 6.

ఇంటికొచ్చి రిపోర్ట్ తెరిస్తే, 23 మొదట సరిగ్గా నొక్కి తర్వాత సున్నాకి మారింది. గజపతినగరం నుంచి వచ్చే పిల్ల. ఇన్నాళ్ళలో దాని గొంతు నేను విన్నది లేదు.

ఇంటర్‌లో మా సార్ సుద్దముక్క ఎగరేసి ఇదే అడిగారు. బయట వాన, కిటికీ రెక్క ఒకటి కొట్టుకుంటోంది, సార్ చొక్కా చేతుల నిండా సుద్దపొడి. “సున్నా అన్నవాళ్ళు చేతులెత్తండి.” అన్ని చేతులూ లేచాయి. నాకు కాదనిపించింది. ముందు బెంచీలో ఫస్ట్ ర్యాంక్ అమ్మాయి చెయ్యి నిటారుగా ఉంది. నా చెయ్యి దానంతటదే లేచింది, సగంలో ఆగింది, జడలో కనకాంబరాలు సర్దుకుంది. సార్ చూడలేదు. చూసుంటే బావుండునని ఏళ్ళ తరబడి అనుకున్నాను. చూసుంటే ఏడ్చేదాన్నేమో కూడా.

అయినా 23ని అనుకోవడానికేముంది? పక్కవాళ్ళతో మాట్లాడించి మళ్ళీ నొక్కించే ఈ పద్ధతి హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టారు. ఆయన లెక్క ప్రకారం సరైన జవాబులు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటేనే పిల్లల్ని మాట్లాడుకోనివ్వాలి. అంతకన్నా తక్కువైతే మేష్టారే మళ్ళీ చెప్పాలి. 49లో 11 అంటే పాతిక శాతం కూడా లేదు. తెలిసే పొరపాటు చేశాను. పోయిన నిమిషాల కంగారు, ఆ ఆరు రిమోట్లవాడి మీద కోపం. తెలియని 38 మంది మధ్యకి తెలిసిన 11 మందినీ తోసేశాను.

రేపు పిలిచి, నీ మొదటి జవాబే కరెక్టని చెప్పనా? చెప్తే ఎవరేం నొక్కారో నాకు కనిపిస్తుందని తెలిసిపోతుంది. ఇక అదీ పక్కవాళ్ళని చూసే నొక్కుతుంది. వద్దులే. రేపు క్లాసందరికీ మళ్ళీ చెప్తాను, సుద్దముక్కతోనే.

పెట్టె తిరిగి ఇవ్వడం లేదు. రెండు రిమోట్లలో బ్యాటరీలు అయిపోయాయి. హాల్లో టీవీ రిమోట్‌లోవి పీకి బ్యాగ్‌లో వేసుకున్నాను. పొద్దున్న అత్తయ్య సుప్రభాతం పెట్టేలోపు కాలేజీకి వెళ్ళిపోవాలి.