కాగితాలు లేని పిల్లలకు కాలేజీ దారి

అనుమతి పత్రాలు లేకుండా అమెరికాలో ఉంటున్న కుటుంబాల పిల్లలకు బడిలో చోటు ఖాయం చేసింది అక్కడి సుప్రీంకోర్టు 1982లో ఇచ్చిన ‘ప్లైలర్ వర్సెస్ డో’ తీర్పు. అలాంటి పిల్లల చదువుకు నిధులు ఇవ్వనక్కర్లేదని టెక్సాస్ రాష్ట్రం 1975లో చట్టం చేయగా, టైలర్ అనే ఊళ్లోని బడులు వారిలో ఒక్కొక్కరిని ఏడాదికి 1,000 డాలర్లు కట్టమన్నాయి. పెద్దలు చేసిన పనికి పిల్లలను బాధ్యులను చేయరాదని, అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు మరొకవైపు నిలిచిన ఆ తీర్పు తేల్చింది. అయితే ఆ రక్షణ పన్నెండో తరగతితో ఆగిపోతుంది. ఆపై చదువుకు ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సాయం వారికి అందదు. రాష్ట్రవాసులు కట్టే తక్కువ ఫీజుతోనే వారినీ కాలేజీలో చేర్చుకొనేలా 2001లో టెక్సాసే చట్టం చేసింది గానీ, 2025 జూన్‌లో ఫెడరల్ కోర్టు దాని అమలును నిలిపివేసింది. పన్నెండేళ్లు చదివించిన విద్యార్థిని కాలేజీ దగ్గర ఆపడం ఆ పిల్లలకే కాదు, వారిని చదివించిన సమాజానికీ నష్టమే.

ఈ విషయం నెల్లూరులో కూర్చొని ఎందుకు రాస్తున్నానంటే, పరాయి దేశం నుంచి రాకపోయినా కాగితాలు లేని పిల్లలు మన జిల్లాలోనూ ఉన్నారు. రొయ్యల గుంటల దగ్గర కాపలా కాస్తూ, పని ఉన్నచోటికల్లా మకాం మార్చే యానాది కుటుంబాల్లో ఇంటి దగ్గర పుట్టి, జననం నమోదు కాని పిల్లలకు ఆధార్ రావడమూ కష్టమే. వారు ఈ గడ్డ మీద పుట్టినవారే కనుక అమెరికాలోని పిల్లల సమస్య, వీరి సమస్య చట్టం దృష్టిలో ఒకటి కావు. చదువు తెగిపోయే చోటు మాత్రం ఇంచుమించు ఒకటే.

వయసు రుజువు లేదన్న కారణంతో ఏ పిల్లవాడికీ ప్రవేశం నిరాకరించరాదని 2009 విద్యాహక్కు చట్టంలోని 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి కాదని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కానీ ఆ చట్టం వర్తించేది 6 నుంచి 14 ఏళ్ల వరకే. పదో తరగతి దాటి ఇంటర్‌కో, డిగ్రీకో వెళ్లేటప్పుడు ఎస్టీ కుల ధ్రువీకరణ పత్రం లేని యానాది విద్యార్థికి, రాజ్యాంగం తనకిచ్చిన రిజర్వేషన్ సీటూ స్కాలర్‌షిప్పూ రెండూ అందవు. పైగా 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి విద్యాసంస్థల్లో ప్రవేశం మొదలు అనేక అవసరాలకు పుట్టిన తేదీకి జనన ధ్రువీకరణ పత్రమే రుజువు కాబట్టి, ఇప్పుడు నమోదు కాని పసివాడి ఇబ్బంది రేపు ఇంకా పెరుగుతుంది.

ఏడాది దాటిన జననాన్ని నమోదు చేయాలంటే మేజిస్ట్రేటు స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి. రోజు కూలి వదులుకొని చదువు రాని తల్లి ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరగగలదు? ఆ భారం ఆమె మీద పెట్టడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. పిల్లలు ఏడు, ఎనిమిది తరగతుల్లో ఉండగానే ప్రధానోపాధ్యాయుడు కాగితాలు లేనివారి జాబితా గ్రామ సచివాలయానికి పంపాలి. రెవెన్యూ సిబ్బంది బడికే వచ్చి జనన నమోదు, ఆధార్, కుల ధ్రువీకరణ దరఖాస్తులు అక్కడే తీసుకోవాలి. కుటుంబం మకాం మార్చినా ఆ దరఖాస్తు ఆగిపోకుండా, కొత్త ఊరి సచివాలయం దాన్ని కొనసాగించాలి.