గొర్రె బొచ్చుకు బహుమతి

అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలోని ఎలికాట్ సిటీలో తెలుగువాళ్ళకు కొదవ లేదు. అక్కడి నుంచి కారులో పావుగంట పోతే వెస్ట్ ఫ్రెండ్‌షిప్ వస్తుంది. ఏటా మే నెల మొదటి వారాంతంలో అక్కడి హోవర్డ్ కౌంటీ ఫెయిర్‌గ్రౌండ్స్‌లో మేరీల్యాండ్ షీప్ అండ్ వుల్ ఫెస్టివల్ జరుగుతుంది. 1973 నుంచీ ఉన్న సంబరం. కారు ఆపడానికి చోటు దొరకనంత జనం వస్తారు. ఆ జనంలో నాకు తెలుగు మాట మాత్రం ఇంతవరకు వినబడలేదు. గొర్రెలు కాసిన ఇళ్ళ నుంచి ఇక్కడికి వచ్చినవాళ్ళు మనలో లేకపోలేదు. వచ్చాక ఆ సంగతి ఎవరూ ఎత్తరు, అంతే.

నేను ఎత్తుతాను. మాది మక్తల్ దగ్గర కురుమల ఇల్లు. రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదివి, పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చాను. మన డిగ్రీ ఇక్కడ నేరుగా చెల్లదు. విదేశాల్లో చదివినవాళ్ళకు పెట్టే పరీక్షలన్నీ గట్టెక్కేదాకా జబ్బు ఫలానా అని నోరు తెరిచి చెప్పే హక్కు కూడా ఉండదు. అందాకా ఒక పల్లె క్లినిక్‌లో సహాయకురాలిని. డాక్టరు మందు వేస్తుంటే గొర్రె కదలకుండా పట్టుకునేది నేను. అలా పరిచయమైన ఒక రైతు, రోమ్నీ అనే జాతి గొర్రెలు పెంచేవాడు, పండగలో ఉన్ని పోటీకి చేతిసాయం కావాలంటూ నన్ను లాక్కుపోయాడు. అప్పటినుంచీ ఏటా పోతున్నాను.

చేయి తిరిగినవాడు కత్తిరిస్తే గొర్రె ఒంటి మీది ఉన్ని ముక్కలు కాకుండా, చొక్కా విప్పినట్టు ఒక్కటిగా ఊడివస్తుంది. దాన్ని పలకల మధ్య సందులున్న బల్ల మీద పరుస్తాం. పొట్ట కింది ఉన్ని, కాళ్ళ మీది గరుకు వెంట్రుక, తోక దగ్గర ఎండిన పేడ ఉండలు, మెడలో చిక్కుకున్న గడ్డి పరకలు అన్నీ ఏరి పారేయాలి. కత్తెర రెండోసారి తిప్పినప్పుడు పడే పొట్టి తునకలు దులిపితే సందుల్లోంచి రాలిపోతాయి. దీన్ని స్కర్టింగ్ అంటారు. రైతు స్వభావం ఈ బల్ల దగ్గరే తెలుస్తుంది. తూకం తగ్గుతుందని గీచి గీచి ఏరేవాడికి బహుమతి రిబ్బను రాదు. కొందరు గొర్రెలకు ఏడాది పొడవునా గుడ్డ కోటు తొడిగే ఉంచుతారు, ఉన్ని పెరిగేకొద్దీ పెద్ద కోటు మారుస్తూ. మా ఊళ్ళో గొర్రెకు కోటు అంటే నవ్వుతారు. ఆ ఉన్నిలో గడ్డి ఏరాల్సిన పని మాత్రం దాదాపు ఉండదు. అన్నిటికంటే చెడ్డది గడ్డి మోపులకు కట్టే ప్లాస్టిక్ తాడు. దాని పోగు ఒక్కటి ఉన్నిలో కలిసినా, ఆ పోగుకు రంగు పట్టదు, చివరికి బట్టలో కూడా తేలి కనబడుతుంది. ఈ పనిలో చేతులకు అంటే జిడ్డు సబ్బుకు ఒక పట్టాన వదలదు. మందుల షాపులో లానొలిన్ పేరుతో డబ్బాలో అమ్మేది దాన్నే.

ఉన్నిని జాతుల వారీగా, తెల్లది వేరు, రంగుది వేరు చేసి జడ్జి ముందు పెడతారు. మిల్లుల కోసం తీర్పు చెప్పే పాత పద్ధతిలో నూటికి 35 మార్కులు కడిగాక మిగిలే బరువుకే, 25 పొడవుకు పోతాయి. నాణ్యం, బలం, శుభ్రత లాంటివన్నీ మిగతా నలభైలో సర్దుకోవాలి. మెరినో లాంటి సన్నరకం ఉన్ని కడిగితే సగం బరువు జిడ్డు, మట్టి కిందే పోతుంది కనుక ఆ లెక్క అర్థం లేనిదేమీ కాదు. రాట్నం మీద సొంతంగా వడుక్కునేవాళ్ళ కోసం పెట్టే పోటీల్లో మాత్రం శుభ్రతకు, అందానికి, చేతికి తగిలే తీరుకు విలువ ఎక్కువ.

మొన్నటి జడ్జి ఒక పెద్దావిడ. ముందు భుజం దగ్గరి ఉన్ని, తర్వాత పక్కది, చివరకు తొడ దగ్గరిది విప్పి చూసింది. భుజం మీది ఉన్ని అన్నిటికన్నా సన్నం, తొడది ముతక. ఆ తేడా మితిమీరితే మార్కులు పోతాయి. తర్వాత పెన్సిలంత మందాన ఒక పాయ లాగి, రెండు కొసలూ పట్టుకుని, చెవి దగ్గర బిగించి గోటితో మీటింది. గట్టి ఉన్ని టింగుమంటుంది. మా రైతు తెచ్చిన పెద్ద గొర్రె ఉన్ని టింగుమనలేదు. చిన్నగా చిరిగిన చప్పుడైంది. పాయను వెలుతురుకు పట్టి చూపించింది: కత్తిరించిన కొస నుంచి అంగుళంన్నర దూరంలో సన్నటి అడ్డగీత, పోగులన్నీ అక్కడే తెగాయి.

"ఎప్పుడు కత్తిరించారు?"

"ఏప్రిల్ మొదట్లో."

"అయితే జనవరిలో దీనికి ఏదో పెద్ద జబ్బే చేసి ఉండాలి" అంది ఆవిడ.

రోమ్నీ ఉన్ని నెలకు సుమారు అర అంగుళం పెరుగుతుంది, అదీ ఆవిడ లెక్క. జ్వరం, మేత కరువు, కష్టమైన కాన్పు, ఏదైనా సరే, ఒంట్లో బలం చాలనప్పుడు మొలిచిన పోగు అక్కడ సన్నబడిపోతుంది. జనవరిలో ఆ గొర్రె మూడు పిల్లలను ఈని, పొదుగు వాపుతో జ్వరం తగిలి మేత మానేసింది. క్లినిక్‌లో దాని తల పట్టుకుని కూర్చున్నది నేనే. ఆవిడ ముందు కేసు కాగితం లేదు, రక్తపరీక్ష లేదు, నాలాగా జబ్బు సంగతి తెలిసీ నోరు మూసుకోవలసిన అవసరమూ లేదు. ఏ కాలేజీలో చదివావని ఆవిడను ఎవరూ అడగలేదు. నాకు కొంచెం అసూయ కలిగిన మాట నిజం.

రైతు నన్ను చూసి తల పంకించాడు. పోటీ అయ్యాక అమ్మకానికి పెట్టే ఆ ఉన్ని సంచి చీటీ మీద ధర కొట్టేసి తగ్గించి, 'పోగు తెగుతుంది' అని తన చేత్తోనే రాశాడు. దాన్ని తివాచీల్లాంటివి చేసే ఒకామె కొనుక్కుపోయింది. వడకకుండా వేడినీళ్ళు, సబ్బు పెట్టి అట్టలా అదిమే పనికి పోగు తెగినా అంత నష్టం లేదట. అతనిదే, రెండో బహుమతి రిబ్బను వచ్చిన బూడిదరంగు ఉన్ని పౌను పద్దెనిమిది డాలర్లకు తలుపులు తీసిన పది నిమిషాల్లోనే చెల్లిపోయింది. తెల్లవారుజాము నుంచి వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళు సంచుల మీదికి ఉరికి, ముక్కు లోపల పెట్టి వాసన చూసి, ఎత్తి చంకన పెట్టుకుంటారు. ఆ తోపులాట చూస్తే ఉన్ని బంగారమనిపిస్తుంది.

బంగారమేమీ కాదు. ఆ రైతు మందలో పోటీకి వచ్చేవి నాలుగైదు గొర్రెల ఉన్నులే. మిగతాదంతా టోకు వర్తకుడికి పోతే పౌనుకు డాలరు కూడా పలకదు, కత్తిరించినవాడి కూలికే చాలదు. 1942లో ఈ దేశంలో గొర్రెలు అయిదున్నర కోట్లకు పైనే. ఇప్పుడు అరకోటి. ఈ వైపు చాలామంది కటాడిన్ అనే జాతికి మారిపోయారు. దానికి ఉన్ని ఉండదు, వెంట్రుకే. కత్తిరించే పనే లేదు, మాంసానికి పెంచుకోవచ్చు. మన నెల్లూరు గొర్రె సంగతీ అదే కదా. 2019 పశుగణనలో 1.9 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది, కానీ ఆ లెక్క మాంసం లెక్క. నల్లటి దక్కనీ గొర్రెను నెల్లూరు పొట్టేలుతో దాటించుకుంటూ పోతే ఉన్ని తగ్గిపోయింది. చింతగింజల గంజి పట్టించిన గొంగడి వానకు ఎలా నిలుస్తుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. దాన్ని నేసేవాళ్ళు మాత్రం మా చుట్టుపక్కల కరువయ్యారు. ఇప్పటికీ దక్కనీ గొర్రెలనే పట్టుకుని ఉన్నవాడు మా పెదనాన్న.

ఆ ఆదివారం ఫోనులో ఈ సంగతులన్నీ చెప్పాను.

"బొచ్చుకు బహుమతా?" అని చాలాసేపు నవ్వాడు. తర్వాత ధర అడిగాడు. చెప్పాను.

"పౌను అంటే ఎంత?"

"అర కిలో కన్నా కొంచెం తక్కువ."

"అంటే కిలో మూడు వేల పైమాటే!" నవ్వు ఆగింది, బేరం మొదలైంది. "మన నల్ల బొచ్చు తీసుకుంటారా?"

మన దగ్గర గాలికుంటు వ్యాధి ఉంది కనుక కడగని ఉన్నిని ఈ దేశంలోకి అంత సులభంగా రానివ్వరనీ, పద్ధతి ప్రకారం బాగా కడిగి పంపాలనీ వివరించాను.

"కడిగితే తూకం పడిపోతుంది కదా బిడ్డా," అన్నాడు పెదనాన్న. "ఆ రేటు కడగకముందుదా, కడిగాకదా? ముందు అది కనుక్కో."