సైన్స్ పాలసీలో పీహెచ్‌డీ అంటే

సైన్స్ అండ్ టెక్నాలజీ పాలసీలో పీహెచ్‌డీ చేస్తా ఉన్నా అంటే మా తిరుపతిలో చాలామంది ముందు ల్యాబ్ ఎక్కడ అని అడుగుతారు. ల్యాబ్ లేదు. ఏ పరిశోధనకి డబ్బు పోవాలి, అది ఎవరు తేల్చాలి, ఆ ఫలితం రైతు దాకా ఎందుకు రాదు, ఇదే నా పని. మన దేశం సైన్స్ మీద చేసిన 1958 తీర్మానం నుంచి 1983, 2003, 2013 పాలసీల దాకా వరసగా చదివా. 2013 దాంట్లో పరిశోధన ఖర్చుని జీడీపీలో 2 శాతానికి తీసుకుపోవాలని రాసుకున్నారు, 2020-21 లెక్క తీస్తే 0.64 శాతం, ఆ రెండు నంబర్లు పక్కపక్కన చూస్తే కడుపు మండింది నిజంగా.

చిత్తూరు పోయే దారిలో గాదంకి ఉంది కదా, అక్కడి ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్‌లో పైన గాలుల కదలిక కొలుస్తాది. మన పక్కనే అంత సైన్స్ జరగతా ఉంది, బంగారుపాళ్యం దగ్గర తోతాపురి మామిడి రైతుని కలిస్తే మాత్రం ఆయన అడిగింది ఒకటే, "ఏమ్మా, నీ చదువుతో మా కాయకి రేటొస్తాదా?" అని. గుజ్జు ఫ్యాక్టరీ కొనకపోతే ఆ కాయ ఇంకెక్కడికి పోతాది, నిల్వ మీద ప్రాసెసింగ్ మీద పరిశోధన ఎవరికోసం చేస్తా ఉన్నట్టు? మా గైడ్ మొదట ఇది ఎకనామిక్స్ వాళ్ళ పని అన్నారు, నేను పట్టుబట్టా, చివరికి ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఆ చాప్టరే రాస్తా ఉన్నా. పల్ప్ యూనిట్లలో పనిచేసినోళ్ళు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, వచ్చి మాట్లాడతా.